కొమ్ముల టోపీ కింద తల

మత్సురా తీరంలో పడవ నడుపుకునే యాసబురోని అబద్ధాలకోరు అనడం అన్యాయం. అబద్ధాలకోరుకి తన అబద్ధం వల్ల చారెడు గింజలైనా గిట్టాలి. యాసబురోకి ముప్ఫై ఏళ్లుగా నవ్వులు తప్ప ఏమీ గిట్టలేదు. ఒక ఆక్టోపస్ తన అన్నం కుండ ఎత్తుకుపోయి, మూడో నాడు శుభ్రంగా తోమి, మూతతో సహా తెచ్చి ఇచ్చిందని చెప్పేవాడు. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వితే మరో నాలుగు కాళ్లు తగిలించేవాడు. అలా చివరికి ఆ ఆక్టోపస్‌కి పన్నెండు కాళ్లయ్యాయి.

అలాంటి మనిషికి ఆ ఏడు ఏడో నెల చివర్న ఒక నిజం దొరికింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వారం రోజులు నానా అవస్థలూ పడ్డాడు.

ఎదురుగా ఉన్న తాకా దీవి చుట్టూ మంగోలుల ఓడలు నిలిచి ఉన్నాయి. ఎన్ని అని యాసబురోని అడిగితే లాభం లేదు. అతని పెళ్లాం కికుమెని అడిగితే, నీళ్లు కనపడనన్ని అంటుంది. ఆమె ఊపిరి బిగబట్టి సముద్రం అడుగున నత్తలు ఏరుకొచ్చే మనిషి, మాటలు దండగ చెయ్యదు. రెండు నెలలుగా ఆ ఓడలు గట్టెక్కాలని చూడటం, ఇటువాళ్లు చిన్న చిన్న పడవల్లో కందిరీగల్లా వెళ్లి కుట్టి రావడం, అదే వరస.

ఇరవై ఏడో తారీఖు పొద్దెక్కాక ఇద్దరు సమురాయిలు యాసబురో పడవ దగ్గరికి వచ్చారు. ముందున్నవాడు ఒనుమా. ఎత్తుకు ఎత్తు, ఒడ్డుకు ఒడ్డు. తల మీద ఎర్ర పట్టుతాళ్లు అల్లిన ఇనప టోపీ, దానికి రెండు బంగారు పూత కొమ్ములు. కోసు దూరం నుంచి చూసినా ఎవరిదో చెప్పెయ్యవచ్చు. అతని సొంత పడవ ముందు రోజే కాలిపోయింది. వెనకాల వచ్చినవాడు ఇమురా. సన్నగా, నల్లగా ఉన్నాడు. టోపీ మీద రంగు పెచ్చులూడిపోయింది. కవచానికి తాడు తెగిన చోట గడ్డితాడు కట్టుకున్నాడు. అతని గుర్రం డొక్కలు దూరం నుంచే లెక్కపెట్టుకోవచ్చు.

"ముగ్గురికే చోటు, దొరా. మీ సేవకులు గట్టున ఉండిపోవాలి," అన్నాడు యాసబురో.

"ఉంటారు. అక్కణ్ణించి చూస్తారు," అన్నాడు ఒనుమా.

సేవకులు గట్టు మీదికి వెళ్లిపోయాక, పడవ ఎక్కబోయే ముందు, దాని చాటున ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి టోపీలు విప్పి మార్చుకున్నారు. కొమ్ముల టోపీ ఇమురా తలకెక్కింది, పెచ్చులూడిన టోపీ ఒనుమా తలకెక్కింది. అది ఒనుమాకి బిగుతై చెవులు మడతపడ్డాయి.

"అదేంటి దొరా, చలవ చేస్తుందా?" అన్నాడు యాసబురో.

ఒనుమా గట్టిగా నవ్వాడు. "సాక్షి ఒట్టురా ఇది. యుద్ధంలో నేనేం చేశానో నేను చెప్పుకుంటే చెల్లదు. నా తమ్ముడు చెప్పినా, నా నౌకరు చెప్పినా చెల్లదు. బయటివాడు చెప్పాలి. ఈయనకి నేను సాక్షి, నాకు ఈయన సాక్షి. ఒకరి తల ఒకరికి అప్పగించినట్టు లెక్క."

ఇమురా నవ్వలేదు. "ఏడేళ్ల కిందటి దాడిలో మా నాన్న ఒక్కడే రేవు ఆపాడట," అన్నాడు మెల్లగా, గడ్డితాడు ముడి బిగించుకుంటూ. "అందరూ 'అట' అంటారు. చూసినవాడు ఒక్కడు మిగల్లేదు. చూసినవాడు లేకపోతే చెయ్యనట్టే. ఉన్న పొలం మా చిన్నాన్న తనదంటున్నాడు. ఈసారి నా పేరు, యుద్ధంలో ఎవరేం చేశారో రాసే విచారణ కాగితంలోకి ఎక్కాలి. ఎక్కకపోతే ఈ గుర్రాన్ని మేపడానికి గడ్డి కూడా ఉండదు."

యాసబురో పడవను నీళ్లలోకి తోశాడు.

అక్కడి పడవను వెనక కొసన నిలబడి, ముఖం ముందుకే పెట్టి, ఒకే ఒక్క పొడుగాటి తెడ్డును చేప తోకలా అటూ ఇటూ ఆడిస్తూ నడుపుతారు. వీపు తిప్పుకొని తెడ్డేసే దేశాల్లో పడవవాడికి వచ్చిన దారే కనపడుతుంది. యాసబురోకి వెళ్లే దారి కనపడుతుంది. అందుచేత ఆ రోజు జరిగినదాంట్లో అతను చూడనిది లేదు.

ఓడల వైపు నుంచి కంచు పళ్లేలు మోగాయి. బాణాలు పడవ అంచున పాతిన పలకలకు గుచ్చుకోవడంతో పడవ ముళ్లపందిలా అయింది. ఇనప గుండు ఒకటి వచ్చి పక్కన నీళ్లలో పేలింది. ఉప్పునీళ్లూ పొగా కలిసి మొహాన కొట్టాయి. తెడ్డు మాత్రం ఆగలేదు. భయం లేక కాదు, తెడ్డు ఆపితే పడవ అడ్డం తిరుగుతుంది. భయపడటానికి తీరిక లేని పని అది.

ఓడ కిందికి చేరాక తల ఎత్తి చూస్తే గోడ. ఇద్దరు మనుషుల ఎత్తు నున్నటి చెక్క గోడ.

"కొయ్య దించు," అన్నాడు ఇమురా.

"దొరా, అది నా తెరచాప కొయ్య!"

"తెలుసు. నిచ్చెన తేలేదు కదా."

ముగ్గురూ కలిసి తెరచాప కొయ్యను పీట నుంచి పెరికి ఓడ అంచుకి వాల్చారు. ముందు ఒనుమా కాలు పెట్టాడు. అదే క్షణాన మరో గుండు పేలింది. పడవ ఎగిరిపడింది. ఒనుమా కవచంతో, కత్తితో, బిగుతు టోపీతో సహా సముద్రంలోకి బుడుంగున పోయాడు. యాసబురో ఒక చేత్తో తెడ్డు పట్టుకుని, రెండో చేత్తో కొక్కెం కర్ర నీళ్లలో దింపి వెతికాడు. కళ్లు మాత్రం పైనే ఉన్నాయి. ఎందుకంటే ఇమురా కొయ్య ఎక్కుతున్నాడు. ఆ రోజు ఆ వరసలోని ఓడల మీదికి మొట్టమొదట ఎక్కిన తల అదే, కొమ్ముల టోపీతో.

తర్వాత ఓడ పైనుంచి అరుపులు, ఇనుము మీద ఇనుము. చాప అల్లిక తెరచాప ఒకటి భగ్గున అంటుకుంది. కొక్కెం ఒనుమా కవచం తాడుకి తగిలింది. యాసబురో పెద్ద చేపను లాగినట్టు లాగి పడవలో వేశాడు. కక్కుకుంటూ, తుమ్ముకుంటూ ఒనుమా పడవ అడుగున పడి ఉండగానే ఇమురా మంటల్లోంచి నీళ్లలోకి దూకాడు. అతన్నీ లాగాడు.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక ఇద్దరూ పద్ధతి ప్రకారం టోపీలు మళ్లీ మార్చుకుని, ఎవరిది వాళ్లు పెట్టుకున్నారు. తప్పంతా అక్కడే జరిగింది.

పడవ ఇసుకకు తగలకముందే గట్టు మీద మూడువందల గొంతులు లేచాయి. "ఒనుమా! ఒనుమా! కొమ్ముల టోపీ ముందెక్కింది! మా కళ్లతో చూశాం!" సేవకులు నడుము లోతు నీళ్లలోకి వచ్చేసి దొరను భుజాల మీదికి ఎత్తుకున్నారు. సేనాపతి తన విసనకర్ర తీసి చేతికిచ్చాడు. ఒనుమా నోరు తెరిచాడు. యాసబురో చూస్తూనే ఉన్నాడు. ఆ నోరు తెరుచుకుంది, కాసేపు అలాగే ఉంది, మళ్లీ మూసుకుంది.

ఇమురా తన గుర్రం దగ్గరికి వెళ్లి చెవుల వెనక గోకాడు.

యాసబురో ఆ రోజే నిజం చెప్పడం మొదలుపెట్టాడు. వలల పాక దగ్గర చెప్పాడు, వంట పొయ్యిల దగ్గర చెప్పాడు, బాణాలు సాపు చేసేవాళ్ల దగ్గర చెప్పాడు. "ఎక్కింది ఇమురా దొర. టోపీలు మార్చుకున్నారు. ఒనుమా దొర నీళ్లలో పడితే నేను కొక్కెంతో లాగాను."

"కొక్కెంతోనా!" అన్నాడు గంజి కలుపుతున్న వంటవాడు, గరిటె పైకెత్తి. "మరి ఆక్టోపస్ ఏమైంది బావా? ఈసారి కుండ బదులు టోపీలు మార్చిందా?"

పొయ్యి చుట్టూ ఉన్న సైనికులు విరగబడి నవ్వారు. "ఇంకొకటి చెప్పు మావా, ఇది చప్పగా ఉంది," అన్నాడొకడు.

యాసబురో ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. కికుమె ఎండిన సముద్రపు నాచు చుట్టలు చుడుతోంది.

"నమ్మరేమే?"

"ఎందుకు నమ్ముతారు? నీ అబద్ధాలకి కాళ్లూ చేతులూ ఉంటాయి, మొలకి తాడు కూడా కట్టి పంపిస్తావు. ఈ నిజాన్ని మూడు ముక్కల్లో చెప్పి బయటికి తోశావు. చూసేవాళ్లకి అనుమానం రాదా?"

"నువ్వైనా నమ్ముతావా?"

"నమ్ముతా. నిజం చెబితే నీ చెవులు ఎర్రబడతాయి. మన పెళ్లయ్యాక ఇది మూడోసారి చూడటం."

మర్నాడు యాసబురో ఇమురా దగ్గరికి వెళ్లాడు. అతను గుర్రం గిట్టలకు తొడిగే గడ్డి చెప్పులు అల్లుతున్నాడు. సమురాయి వేళ్లు గడ్డి అల్లడంలో అంత చురుగ్గా ఆడటం యాసబురో ఎప్పుడూ చూడలేదు.

"దొరా, మీరు వెళ్లి చెప్పుకోవచ్చుగా?"

"నేను చెబితే సాక్ష్యం కాదు. సొంత డబ్బా."

"మరి ఆయనెందుకు నోరు విప్పడు?"

"విప్పుతాడు. విచారణ ఇంకా జరగలేదుగా."

"విప్పకపోతే?"

ఇమురా అల్లిన చెప్పును వెలుతురుకెత్తి చూశాడు. ఒక పోగు వదులుగా ఉంది. విప్పి మళ్లీ అల్లాడు. "నా టోపీ ఆయన తల మీద ఉన్నంతసేపూ నేను ఆయన్ని నమ్మాను. టోపీ తీసి ఇచ్చేశాడని నమ్మకం కూడా తిరిగి తీసేసుకుంటానా?"

యాసబురోకి ఒళ్లు మండింది. ఆ మంట ఒనుమా మీదో, ఇంత నిబ్బరంగా గడ్డి అల్లుకుంటున్న ఈ మనిషి మీదో అతనికి తేలలేదు. కానీ లేచి వచ్చేటప్పుడు తెలియకుండానే నడుము వంచి దణ్ణం పెట్టాడు. పొలం ఉన్న దొరలకు పెట్టే దణ్ణం కన్నా అది రెండు వేళ్లు కిందికి వంగింది.

ఆ దాడి తర్వాత మంగోలులు ఒక పని చేశారు. చిన్న పడవలు సందుల్లో దూరి కుట్టిపోతున్నాయని, ఓడను ఓడకు లావుపాటి తాళ్లతో కట్టేసుకున్నారు. సముద్రం మీద చెక్కల ఊరు ఒకటి లేచినట్టయింది.

ముప్ఫయ్యో తారీఖున గాలి లేకుండానే అలలు పొడుగ్గా, నూనె పోసినట్టు నున్నగా రావడం మొదలైంది. పీతలు రాళ్లెక్కి పాకల దాకా వచ్చాయి. పెద్ద గాలి వస్తోందని యాసబురోకి తెలిసింది. తెలిసి ఏం లాభం? తను చెబితే మళ్లీ ఆక్టోపస్ అంటారు. అందుకని కికుమెను పంపాడు. ఆమె సేనాపతి గుడారం ముందు నిలబడి, "పడవలు పైకి లాగండి," అని ఒక్క మాట అని వచ్చేసింది. అందరూ లేచారు. దొరలూ పల్లెవాళ్లూ కలిసి తాళ్లు పట్టారు. దుంగల మీద పడవలను ఒక్కొక్కటే దొర్లించుకుంటూ కొండ మలుపు దాకా లాగారు. ఇమురా గడ్డితాడు మళ్లీ తెగింది. కవచం విప్పి పడేసి భుజం ఆనించాడు. ఒనుమా కూడా లాగాడు, అది ఒప్పుకోవాలి. పది మందికి సరిపడా లాగాడు. కానీ ఇమురా పట్టుకున్న తాడు మాత్రం పట్టుకోలేదు.

సాయంత్రం మొదలైన గాలి మర్నాటి మధ్యాహ్నానికి గానీ తగ్గలేదు. పాకల కప్పులు లేచిపోయాయి. కొండ మీద దేవదారులు వేళ్లతో సహా పడ్డాయి. తగ్గాక జనం గట్టు మీదికి వచ్చి చూశారు. ఓడ ఓడను గుద్దింది, కట్టుకున్న తాళ్లే ఒకదాన్ని ఒకటి ముంచేలా లాగాయి. చెక్కల మీద అడుగులు వేసుకుంటూ తాకా దీవి దాకా పోవచ్చన్నట్టుంది. ఈ మాట కికుమె అన్నది, కాబట్టి నమ్మవచ్చు.

దేవుడి గాలి అని పూజారులు అన్నారు. కాదనడానికి యాసబురో ఎవరు? కానీ గాలికి ఆ తాళ్లు ఎవరు అందించారు? చిన్న పడవలంటే అంత భయం పుట్టించింది ఎవరు? రెండు నెలలు ఆ ఓడల్ని గట్టెక్కనీయకుండా నిలబెట్టినవాళ్లు ఎవరు? గడ్డితాడు కట్టుకున్నవాళ్లు. గుళ్లకు పట్టుబట్టలు పంపుతారు, మంచిదే. వీళ్ల పేర్లు కాగితంలోకైనా ఎక్కొద్దా?

మూడో తారీఖున విచారణ అని చాటింపు వేశారు. దానికింకా రెండు రోజులుంది. యాసబురో గంజి పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"మొన్న నేను చెప్పింది తప్పురా," అన్నాడు. "ఒనుమా దొరే ఎక్కారు. కుళ్లుకొద్దీ దాచాను. అసలు సంగతి చెప్పమంటారా?"

"చెప్పు మావా!"

"నా తెరచాప కొయ్య ఆయనకెందుకు? నీళ్ల మీద తొమ్మిదడుగులు వేసి ఎగిరారు. ఎగురుతూ బాణాలు పళ్లతో పట్టి, నమిలి ఉమ్మేశారు. ఒక్క అరుపు అరిచారు, మూడు తెరచాపలు నిలువునా చిరిగాయి. మంగోలు సర్దారు ఒకడు దణ్ణం పెట్టి, 'నాకు మీ పెరట్లో ఉద్యోగం ఇప్పించండి' అన్నాడు."

"జపాను భాషలోనా?"

"భయంలో వచ్చేసింది. ఇక ఈ గాలి సంగతి వినండి. దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. దొరకి ఆ రోజు కాస్త చలి తగిలింది. జలుబు చేసింది. ముప్ఫయ్యో తారీఖు సాయంత్రం గుడారంలో కూర్చుని తుమ్మారు. అంతే."

వంటవాడు గరిటె పొయ్యిలో పడేసుకున్నాడు.

ఆ తుమ్ము తీరమంతా పాకింది. చీకటి పడే వేళకి ఆ తుమ్ముకి ముందు మూడు చిన్న తుమ్ములు వచ్చాయి, అవే దేవదారుల్ని పడేసినవి. మర్నాటికి కొరియా దాకా వినపడింది. ఒనుమా నడిచి వెళుతుంటే సైనికులు దారి ఇచ్చి, ముక్కుకి గాలి తగలకుండా విసనకర్రలు అడ్డం పెట్టేవారు. "దొరా, కాస్త ఓర్చుకోండి, మన పడవలు ఇంకా దించలేదు," అనేవారు, భక్తిగానే. సగంమంది నిజంగానే నమ్మారు. అదే ఆయనకి మరీ కష్టమైంది. ఆయనకి నిజంగానే జలుబు చేసింది మరి.

ఒక మాటు యాసబురో పడవ పక్కనుంచి వెళుతూ ఒనుమా ఆగాడు. మొహం వాచినట్టుంది. "నువ్వేనా ఇదంతా?"

"నేనేం చేశాను దొరా? పొగిడాను."

ఒనుమా ఏదో అనబోయి, ముక్కు పట్టుకుని వెళ్లిపోయాడు.

మూడో తారీఖు ఉదయం గట్టు మీద చాపలు పరిచారు. విచారణాధికారి బక్కపలచని ముసలాయన. ముందు సిరా, కుంచె, కాగితం. చుట్టూ మూడువందల మంది. ఇమురా చివరి వరసలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల మీద. కుడిచేతి బొటనవేలు ఎడమచేతి గోటిని రుద్దుతోంది, అంతే, ఇంకే కదలికా లేదు.

"ఇరవై ఏడో తారీఖు దాడిలో మొదట ఓడ ఎక్కినవాడు?"

"ఒనుమా!" అన్నారు జనం.

ఒనుమా లేచి ముందుకొచ్చాడు. కొమ్ముల టోపీ చంకలో ఉంది. మాట్లాడబోయాడు. ముక్కుపుటాలు అదిరాయి. మూడువందల మందీ ఊపిరి బిగబట్టారు. కొందరు పక్కవాడి భుజం పట్టుకున్నారు. ఎంత ఆపుకున్నా ఆగలేదు. తుమ్మాడు.

గట్టంతా నవ్వుతో కూలిపోయింది. ముసలి అధికారి కుంచె వణికి కాగితం మీద చుక్క పడింది. ఒనుమా కదలకుండా నిలబడ్డాడు. ఆ నవ్వు పూర్తిగా అయిపోయేదాకా, చివరివాడు కళ్లు తుడుచుకునేదాకా నిలబడ్డాడు. అంత నవ్వు కింద అంతసేపు నిలబడటానికీ దమ్ము కావాలి.

"ఈ జలుబు ఎలా వచ్చిందో చెబుతాను," అన్నాడు. "నేను సముద్రంలో పడ్డాను. ఒక్క అడుగు కూడా ఎక్కలేదు. ఆ పడవవాడు నన్ను కొక్కెంతో చేపను లాగినట్టు లాగాడు. మీరు చూసిన టోపీ నాదే. దాని కింద తల ఇమురాది."

మూడువందల తలలు చివరి వరస వైపు తిరిగాయి.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అధికారి.

"అందరూ నా పేరే అరుస్తుంటే చెవులకి బావుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపటికి ఆ పొగడ్త ఇంకాస్త పెరిగింది. ఇక మోయలేను." అతను వెనక్కి తిరిగి చివరి వరసను చూశాడు. వంగిన నడుము చాలాసేపు ఎత్తలేదు. "పెద్ద ఇమురా కొడుకు ఇమురాకి నేను సాక్షిని. రాసుకోండి."

కుంచె కాగితం మీద నడిచింది. ఇమురా చేతులు తొడల మీదే ఉన్నాయి. బొటనవేలు ఆగింది.

ఆ మధ్యాహ్నం యాసబురో పడవ బోర్లించి, దంచిన దేవదారు బెరడు పీచును చెక్కల సందుల్లో ఉలితో దట్టిస్తున్నాడు. ఇమురా గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. ఊరికి బయల్దేరినట్టుంది. కొత్త తెరచాప కొయ్య కోసం నున్నగా చెక్కిన దేవదారు దుంగ ఒకటి గుర్రం వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. విప్పి ఇసుకలో పెట్టాడు. వెళ్లలేదు. పడవ పక్కన గొంతుకూర్చుని పీచు వేళ్లతో నలిపాడు.

"ఒకటి అడగాలి. నవ్వకు."

"అడగండి దొరా."

"నేనెలా ఎక్కాను?"

యాసబురో ఉలి ఆగింది.

"నాకేమీ గుర్తులేదు," అన్నాడు ఇమురా. "కొయ్య వాల్చడం గుర్తుంది, నీళ్లలోకి దూకడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. వారం రోజులు ఊరంతా ఆయనే ఎక్కాడంటుంటే, ఒకో రాత్రి నిజంగా ఆయనే ఎక్కాడేమో అనుకున్నాను. ఆయనే చెప్పాలని నేను కూర్చున్నది ఓపికతో కాదు. నాకూ తెలియక. నువ్వు చూశావు కదా?"

ఎదురుగా ఇంత ఖాళీ! ముప్ఫై ఏళ్లలో ఇలాంటి అవకాశం యాసబురోకి రాలేదు. ఏం పెట్టినా ఈ మనిషి తీసుకుంటాడు. పులిలా ఎక్కారంటే పులిలా ఎక్కినట్టే. నాలుక మీదికి వచ్చేసిన మాటను మింగాడు. చెవులు వేడెక్కాయి.

"మూడు అంగల దాకా బాగానే ఎక్కారు," అన్నాడు. "నాలుగో దాంట్లో ఎడమ కాలు జారింది. కొయ్యను రెండు చేతులా వాటేసుకుని ఆగిపోయారు. కళ్లు మూసుకున్నారు. 'అమ్మా' అన్నారు."

"గట్టిగానా?"

"లేదు. చిన్నగా. నేను కిందే ఉన్నా గనక విన్నాను. దిగుతారేమో అనుకున్నాను. పైనుంచి ఒకడు ఈటె దింపుతున్నాడు. మీరు కళ్లు తెరిచి, ఒకసారి చెయ్యి తుడుచుకుని, ఎక్కారు. అంతే."

ఇమురా తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. గుర్రం మెడ చాచి పీచు వాసన చూసింది. అప్పుడు అతని మొహం మెల్లగా, మూలమూలలా వెలిగింది.

"అయితే అది నేనే," అన్నాడు.